గాంధీ భవన్ కాదు, గాంధీ హాస్పిటల్

అచ్చంపేటలో రైలు స్టేషన్ లేదు. రైలు ఎక్కాలంటే జడ్చర్లకో, మహబూబ్‌నగర్‌కో పోవాలి. గద్వాల నుంచి మాచర్ల దాకా రైలు వేస్తారన్న మాట ఏళ్ళ తరబడి వినబడుతూనే ఉంది. పట్టాలు మాత్రం పడలేదు. నల్లమల అంచు ఊళ్ళ వాళ్ళకు బస్సే దిక్కు.

కానీ పట్నం పోతే రైళ్ళే రైళ్ళు. నేల మీద పోయే రైళ్ళు కొన్ని. తల మీద పోయే రైళ్ళు కొన్ని. ఏది ఎక్కాలి? ఎక్కడ దిగాలి? తెలియకపోతే ఏమవుతుంది?

అచ్చంపేట దగ్గరి పల్లెలో ఒక అత్తా కోడళ్ళు ఉన్నారనుకుందాం. అత్తకు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రాత్రి పడుకుంటే గుండె మీద బండ పెట్టినట్లు ఉంటోంది. అచ్చంపేటలో డాక్టరమ్మ చూసింది. "పెద్ద పరీక్షలు చెయ్యాలమ్మా. గాంధీ హాస్పిటల్‌కు పోండి" అని చీటీ రాసిచ్చింది.

ఇద్దరూ తెల్లవారకముందే బస్సు ఎక్కారు. మూడు గంటల పైన ప్రయాణం. హైదరాబాదులో మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగారు. మన వాళ్ళు దాన్ని ఇమ్లీబన్ అంటారు. బోర్డుల మీద ఎంజీబీఎస్ అని ఉంటుంది. బస్టాండు పక్కనే మెట్రో స్టేషన్. మెట్రోలో పోతే తొందరగా పోవచ్చని ఎవరో చెప్పారు. ఇద్దరూ మెట్లు ఎక్కారు.

"ఏడికి పోవాలె?" అని కౌంటర్‌లో అడిగారు.

"గాంధీకి" అంది అత్త.

"గాంధీ భవనా?"

"ఆఁ, గదే" అంది అత్త. ఆమెకు 'గాంధీ' అన్న మాట ఒక్కటే గుర్తుంది.

టికెట్ వచ్చింది. రైలు వచ్చింది. రెండో స్టేషన్‌లోనే దిగారు. గేటు కూడా తెరుచుకుంది. ఎందుకు తెరుచుకోదు? తీసుకున్న టికెట్ అక్కడికే కదా! కిందికి దిగి చూస్తే ఆస్పత్రి లేదు. అది నాంపల్లి. గాంధీ భవన్ అంటే కాంగ్రెస్ పార్టీ ఆఫీసు. గాంధీ హాస్పిటల్ ముషీరాబాద్ అవతల ఉంది. అది వేరే లైను.

వాళ్ళను వీళ్ళను అడిగి, ఆటో బేరం చేసి, చివరికి ఆస్పత్రి చేరేసరికి ఓపీ చీటీలు రాసే కిటికీ మూసేశారు. ఓపీ చీటీలు పొద్దున పూటే రాస్తారు. ఆ రాత్రి ఇద్దరూ ఆస్పత్రి ఆవరణలో చెట్టు కింద పడుకున్నారు. చలికి అత్త దగ్గు ఎక్కువైంది. చేతిలో డబ్బు అయిపోయింది. మర్నాడు మందులు మాత్రం తీసుకుని, పరీక్షలు చేయించుకోకుండానే ఊరికి తిరిగి వచ్చారు.

ఒక్క మాట తేడా. 'భవన్' వేరు, 'హాస్పిటల్' వేరు.

ఊరికి వచ్చాక కోడలు రాత్రి బడిలో చేరింది. ఆరు నెలలు గడిచాయి. అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చింది. అత్తను మళ్ళీ తీసుకుపోవాలి. ఈసారి ఆమె ముందుగానే స్టేషన్ల పేర్లు తెలుసుకుని నోటు పుస్తకంలో రాసుకుంది. ఆమె రాసుకున్న సంగతులే ఈ పాఠం.

మూడు రంగుల దారులు

హైదరాబాద్ మెట్రో రైలు 2017 నవంబర్ 28న ప్రారంభమైంది. మర్నాటి నుంచి జనం ఎక్కారు. మొదట నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా నడిచింది. 2018లో ఎల్బీనగర్ దాకా, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా పెరిగింది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మూడో దారి తెరిచారు. ఇప్పుడు మొత్తం 69 కిలోమీటర్లు.

మూడు దారులకు మూడు రంగులు పెట్టారు. ఎర్ర దారి ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా. దాని మీద 27 స్టేషన్లు. నీలి దారి నాగోలు నుంచి రాయదుర్గం దాకా. దాని మీద 23 స్టేషన్లు. పచ్చ దారి ఎంజీబీఎస్ నుంచి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ దాకా. ఇది చిన్నది. 9 స్టేషన్లే. కానీ అచ్చంపేట బస్సు దిగిన వాళ్ళకు ఎక్కువ పనికి వచ్చేది ఇదే.

ఎర్ర దారీ, పచ్చ దారీ ఎంజీబీఎస్‌లో కలుస్తాయి. కాబట్టి ఆ స్టేషన్‌లో మెట్లు ఎక్కగానే రంగు చూసుకోవాలి. చదవడానికి టైం పట్టినా రంగు చూడటానికి టైం పట్టదు. అయితే రంగు ఒక్కటే చాలదు. రంగు చూసి, తర్వాత పేరు చదవాలి.

పచ్చ దారిలో ఎంజీబీఎస్ తర్వాత వచ్చే స్టేషన్లు వరుసగా ఇవి: సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, గాంధీ హాస్పిటల్, సికింద్రాబాద్ వెస్ట్, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్. వేళ్ళ మీద లెక్కపెట్టండి. గాంధీ హాస్పిటల్ ఆరోది. ఒక చేతి వేళ్ళు అయిపోయి, రెండో చేతి మొదటి వేలు. ఈ దారికి ఎంజీబీఎస్సే మొదలు. అక్కడ పచ్చ దారి రైలు ఏది ఎక్కినా గాంధీ హాస్పిటల్ వైపే పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎంజీబీఎస్ వైపు పోయే ప్లాట్‌ఫారం ఏదో బోర్డు చదివి నిలబడాలి.

ఎర్ర దారిలో ఎంజీబీఎస్ నుంచి మియాపూర్ వైపు పోతే మొదటిది ఉస్మానియా మెడికల్ కాలేజ్. రెండోది గాంధీ భవన్. మూడోది నాంపల్లి. తర్వాత అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్, ఇర్రంమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట. పసిపిల్లల ఆస్పత్రి నిలోఫర్‌కు పోవాలంటే లక్డీకాపూల్‌లో దిగి కొంత దూరం పోవాలి. నిమ్స్‌కు పోవాలంటే పంజాగుట్ట దగ్గర. ఇంకా ముందుకు పోతే ఈఎస్ఐ హాస్పిటల్ అనే స్టేషనే ఉంది. పట్నం మెట్రో పేర్లలో ఇన్ని ఆస్పత్రులు ఉండటం పల్లె వాళ్ళకు మంచిదే. పల్లె నుంచి పట్నం పోయే ఆడవాళ్ళలో ఆస్పత్రి కోసం పోయే వాళ్ళూ ఉంటారు కదా.

టికెట్, గేటు, మెట్లు

కౌంటర్‌లో స్టేషన్ పేరు పూర్తిగా చెప్పాలి. "గాంధీ హాస్పిటల్, ఇద్దరం" అనాలి. టోకెన్ అనే బిళ్ళ గానీ, నల్ల చుక్కల గడి అచ్చు వేసిన కాగితం గానీ ఇస్తారు. గేటు దగ్గర దాన్ని చూపించే చోటు ఉంటుంది. అక్కడ ఆనిస్తే గేటు తెరుచుకుంటుంది. ఒక టికెట్‌కు ఒక మనిషే పోవాలి. దిగాక బయటికి పోయే గేటు దగ్గర కూడా టికెట్ కావాలి. అందుకే టికెట్‌ను కొంగున ముడి వేసుకున్నా, సంచిలో దాచుకున్నా, తీసేందుకు వీలుగా పెట్టుకోవాలి. పారేయకూడదు.

మెట్రో మొదలైనప్పుడు చార్జీ 10 రూపాయల నుంచి 60 రూపాయల దాకా ఉండేది. 2025 మే నెలలో పెంచారు. కొంత తగ్గింపు ఇచ్చాక తక్కువలో తక్కువ 11 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ 69 రూపాయలు అయింది. చార్జీలు మారుతుంటాయి కాబట్టి కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోవాలి. ఒక టికెట్ 30 రూపాయలు అనుకోండి. ఇద్దరికి ఎంత? 100 నోటు ఇస్తే ఎంత తిరిగి రావాలి? గేటు వైపు పరుగెత్తే ముందు ఈ లెక్క చేసుకోవాలి.

ఒక సంగతి మరిచిపోవద్దు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బు లేదు. కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. పట్నంలో సిటీ బస్సుల్లోనూ అంతే. మెట్రోలో ఆ సౌకర్యం లేదు. డబ్బు కట్టాల్సిందే. కాబట్టి తొందర లేనప్పుడు బస్సు ఎక్కితే డబ్బు మిగులుతుంది. ఓపీ టైం దాటిపోతుందన్న రోజు మెట్రోకు పెట్టే డబ్బు దండగ కాదు. ఏ రోజు ఏది మేలో ఎవరి లెక్క వాళ్ళు చూసుకోవాలి.

స్టేషన్ పైకి పోవడానికి మామూలు మెట్లు ఉంటాయి. కదిలే మెట్లు ఉంటాయి. లిఫ్టు కూడా ఉంటుంది. ఆయాసం ఉన్న వాళ్ళు, గర్భిణులు, ముసలివాళ్ళు లిఫ్టులో పోవడం మంచిది. దానికి వేరే డబ్బు లేదు. కదిలే మెట్ల మీద చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవాలి. అంచు మెట్ల సందులో చిక్కుకుంటే ప్రమాదం. పిల్లల చేయి వదలవద్దు. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత ఉంటుంది. రైలు వచ్చి ఆగేదాకా గీత దాటవద్దు. తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, అవే మూసుకుంటాయి. మూసుకుంటున్న తలుపు మధ్య చేయి పెట్టవద్దు. ఒక రైలు పోతే కొద్ది నిమిషాలకే ఇంకో రైలు వస్తుంది. ఊరి బస్సు లాగా పోతే పోయిందే కాదు.

రైలులో మూడు బోగీలు ఉంటాయి. కొంత భాగం ఆడవాళ్ళకే ఉంచారు. అక్కడ కూర్చోవడం మీ హక్కు. ఎవరైనా మగవాళ్ళు కూర్చుంటే లేవమని అడగవచ్చు. తర్వాత వచ్చే స్టేషన్ పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెబుతారు. తలుపు పైన స్టేషన్ల పేర్లు వరుసగా రాసి ఉంటాయి.

పొరపాటున వేరే స్టేషన్‌లో దిగితే ఏం చెయ్యాలి? భయపడి గేటు దాటి బయటికి పోవద్దు. లోపలే ఉన్న సిబ్బందికి టికెట్ చూపించి చెప్పాలి. అవతలి ప్లాట్‌ఫారం నుంచి వెనక్కి పోయే రైలు ఎక్కడమెలాగో వాళ్ళు చెబుతారు.

పాత రైళ్ళు, పాత స్టేషన్లు

మెట్రో కంటే చాలా ముందు పెద్ద రైళ్ళు వచ్చాయి. నిజాం కాలంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా పట్టాలు పడ్డాయి. అలా హైదరాబాద్ రాజ్యం బొంబాయి దారిలో కలిసింది. 1907లో నాంపల్లి స్టేషన్ కట్టారు. 1916లో గుమ్మటాలతో కాచిగూడ స్టేషన్ కట్టారు. 2025 జనవరి 6న చర్లపల్లిలో కొత్త పెద్ద స్టేషన్ ప్రారంభించారు.

ఇక్కడ కూడా పేర్ల తిరకాసు ఉంది. రైలు టికెట్ మీద 'హైదరాబాద్' అని ఉంటే అది నాంపల్లి స్టేషన్. సికింద్రాబాద్ కాదు, కాచిగూడ కాదు. "హైదరాబాదులో ఎక్కాలి అన్నారు కదా" అని కాచిగూడలో కూర్చుంటే రైలు వెళ్ళిపోతుంది. 'వనపర్తి రోడ్' అనే స్టేషన్ ఉంది. అది వనపర్తి పట్నంలో లేదు, మదనాపురంలో ఉంది. పేరు చివర 'రోడ్' అని ఉంటే, ఊరు అక్కడికి కొంత దూరంలో ఉందని అర్థం చేసుకోవాలి.

పాలమూరు వాళ్ళకు బాగా తెలిసిన స్టేషన్ కాచిగూడ. అక్కడి నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్ మీదుగా రైలు పోయి, కృష్ణా నది దాటి గద్వాల చేరుతుంది. అక్కడి నుంచి కర్నూలు వైపు పోతుంది. కాలువలు తవ్వడానికి, ఆనకట్టలు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలు ఈ స్టేషన్లలో ఎన్నిసార్లు ఎక్కి దిగారో! సంచులు తల కింద పెట్టుకుని, పిల్లలను పక్కలో వేసుకుని, ప్లాట్‌ఫారం మీద తెల్లవార్లూ పడుకున్న తల్లులకు ఆ బోర్డుల మీద ఏం రాసి ఉందో తెలియదు. మేస్త్రీ ఎక్కమంటే ఎక్కారు, దిగమంటే దిగారు.

పెద్ద రైలుకు, మెట్రో రైలుకు పట్టాలు వేరు. పెద్ద రైలు పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే అయిదున్నర అడుగులు. మెట్రో పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ రైలు ఈ పట్టాల మీదికి రాదు, ఈ రైలు ఆ పట్టాల మీదికి పోదు. ఒకదాని నుంచి ఇంకోదానికి మనమే మారాలి. రెండింటి పైనా వేలాడే తీగల్లో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. ఇంట్లో బల్బుకు వచ్చేది 230 వోల్టులే. అందుకే పట్టాలు దాటవద్దు, తీగల వైపు కర్ర గానీ ఇనుప చువ్వ గానీ ఎత్తవద్దు అంటారు.

ఎక్కడ మారాలి? సికింద్రాబాద్ రైలు స్టేషన్ దగ్గర నీలి దారి మీద 'సికింద్రాబాద్ ఈస్ట్' మెట్రో ఉంది. పచ్చ దారి మీద 'సికింద్రాబాద్ వెస్ట్' ఉంది. నాంపల్లికి ఎర్ర దారి. మలక్‌పేటలో, బేగంపేటలో కూడా రెండు రకాల స్టేషన్లూ దగ్గర దగ్గరే. కాచిగూడకు మాత్రం ఆనుకుని మెట్రో లేదు. మన జిల్లాల వాళ్ళు ఎక్కువగా దిగే స్టేషన్‌కే ఆ సౌకర్యం లేకపోవడం లోటే. అక్కడ దిగితే బస్సో ఆటోనో చూసుకోవాలి. ఇవి గాక ఎంఎంటీఎస్ అనే లోకల్ రైళ్ళు 2003 ఆగస్టు 9 నుంచి నడుస్తున్నాయి. అవి పెద్ద రైలు పట్టాల మీదనే పోతాయి. చార్జీ మెట్రో కంటే తక్కువ. కానీ మెట్రో లాగా నిమిషాల మీద రావు.

ఇంత పెద్ద రైలును నడిపేది ఎవరు? మగవాళ్ళే అనుకోవద్దు. మహారాష్ట్రలోని సతారా నుంచి వచ్చిన సురేఖా యాదవ్ 1980ల చివరలోనే రైలు ఇంజను నడిపే ఉద్యోగంలో చేరింది. మన దేశంలో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆమె. 2025లో ఉద్యోగ విరమణ చేసింది. హైదరాబాద్ మెట్రోను కూడా ఆడపిల్లలు నడుపుతున్నారు.

దూర దేశంలో ఇలాంటి ఊరు

చైనాలో వుహాన్ అనే పట్నం ఉంది. కరోనా రోజుల్లో ఆ పేరు అందరం విన్నాం. అది హుబే అనే రాష్ట్రానికి రాజధాని. హైదరాబాద్, సికింద్రాబాద్ కలిసి ఒక్కటైనట్లే, అక్కడ వుచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్ అనే మూడు ఊళ్ళు కలిసి వుహాన్ అయింది. మధ్యలో యాంగ్‌ట్సీ నది పారుతుంది. అక్కడ కూడా మూడు పెద్ద రైలు స్టేషన్లు ఉన్నాయి: వుహాన్, వుచాంగ్, హాన్‌కౌ. ఒక స్టేషన్‌కు పోవాల్సిన వాళ్ళు ఇంకో స్టేషన్‌కు పోయి రైలు తప్పించుకునే ప్రమాదం అక్కడా ఉంది. వుహాన్‌లో మెట్రో 2004లో మొదలైంది. 2012లో నది అడుగున సొరంగం గుండా మెట్రో నడిపారు. మూడు పెద్ద స్టేషన్లకూ మెట్రోను కలిపారు. రైలు దిగిన మనిషి అక్కడే మెట్రో ఎక్కవచ్చు. మన కాచిగూడ సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది.

కరోనా వచ్చినప్పుడు 2020 జనవరి 23న వుహాన్ మెట్రో ఆపేశారు. మార్చి 28న మళ్ళీ నడిపారు. హైదరాబాద్ మెట్రో మార్చి 22 నుంచి సెప్టెంబర్ 7 దాకా నడవలేదు. అప్పుడు గాంధీ హాస్పిటల్ మొత్తం కరోనా రోగులకే ఇచ్చారు.

మళ్ళీ పట్నానికి

కోడలు, అత్త మళ్ళీ తొలి బస్సు ఎక్కారు. ఎంజీబీఎస్‌లో దిగారు. లిఫ్టులో పైకి పోయారు.

"గాంధీ హాస్పిటల్, రెండు టికెట్లు" అంది కోడలు. టికెట్ చేతిలోకి రాగానే వెలుతురులో పట్టుకుని చూసింది. చిల్లర లెక్క పెట్టుకుంది.

"మల్ల ఆడికే తీస్కపోతవా ఏంది బిడ్డా?" అంది అత్త.

"లేదత్తమ్మా. గది ఎర్ర లైను. మనం పచ్చ దాంట్ల పోవాలె" అంది కోడలు.

రైలు కదిలింది. ప్రతి స్టేషన్‌లో కోడలు బోర్డు వైపు వంగి చూసింది. పెదవులు కదిలాయి. "సు-ల్తాన్ బ-జార్. ఒకటి." రైలు కదిలే లోపల పేరు పూర్తి కాకపోతే, మైకులో విని పూర్తి చేసుకుంది. "చిక్-కడ-పల్లి. మూడు." ముషీరాబాద్ రాగానే అత్త లేచి నిలబడింది.

"కూసో అత్తమ్మా. ఇంకొకటి ఉంది."

ఆరో స్టేషన్ వచ్చింది. పక్క సీటు ఆమె "ఇదే గాంధీ, దిగండి" అంది. కోడలు అయినా బోర్డు చూసింది. మొదటి మాట చదివింది. రెండో మాట కూడా చదివింది. అప్పుడే అత్త చేయి పట్టుకుని దిగింది.

ఓపీ కిటికీ ముందు వరుస పెద్దగానే ఉంది. కానీ కిటికీ తెరిచే ఉంది.

చదివి చెప్పండి

ఎంజీబీఎస్ నుంచి చిక్కడపల్లికి పోవాలంటే ఏ రంగు దారిలో పోవాలి? నిమ్స్‌కు అయితే ఏ రంగు? ఎన్నో స్టేషన్‌లో దిగాలి? మీ బంధువు "హైదరాబాద్ స్టేషన్‌లో రైలు ఎక్కు" అని ఫోన్ చేస్తే మీరు ఏ స్టేషన్‌కు పోతారు? మీ ఊరి నుంచి జిల్లా ఆస్పత్రికి పోయే దారిలో బస్సు ఆగే ఊళ్ళ పేర్లు వరుసగా రాయండి. రాసినవి పక్కామెతో చదివించండి.